అప్రెంటిస్ కలువ

మా కాలనీలో కలువలకు కూడా డ్యూటీలు ఉండేవి.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినదాన్ని నేను. మా ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి లైను పనికి వచ్చాడు. తాత వ్యాగన్ షాపులో ఖలాసీ. నాన్న అదే షాపులో ఫిట్టరు. మా ఇళ్లలో పొద్దు పొడిచిందా గుంకిందా అన్నదాని కంటే వర్క్‌షాపు సైరన్ మోగిందా లేదా అన్నదే ముఖ్యం. అలాంటివాళ్లు గుంటలో పూసే పువ్వును మాత్రం ఊరికే వదులుతారా? రైలుకట్ట ఎత్తు చేయడానికి ఏనాడో మట్టి తవ్వుకున్న గుంటలు మా ఊళ్లో పట్టాల పక్కన పొడవునా ఉన్నాయి. వానలు పడగానే అవి నిండుతాయి, వాటి నిండా కలువలు లేస్తాయి. సాయంత్రం విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేదాకా ఉండే తెల్లవీ ఎర్రవీ నైట్ డ్యూటీ కలువలు. పొద్దున విచ్చుకుని మధ్యాహ్నం దాటాక ముడుచుకునే నీలిది జనరల్ షిఫ్టు కలువ. దాన్ని తెలుగులో నల్లకలువ అంటారని నాకు చాలా కాలం తెలియనే తెలియదు.

ఇప్పుడు నేను మేదినీపూర్‌లో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతున్నాను. ప్రతి వానాకాలం పిల్లల్ని ఖరగ్‌పూర్ లోకల్ ఎక్కించి ఈ గుంటల దగ్గరికే తీసుకొస్తాను. కలువను గుర్తుపట్టాలంటే ముందు అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి, ఇది రాత్రి పూసేదా పగలు పూసేదా అని. ప్రపంచంలో కలువల మీద పనిచేసే శాస్త్రజ్ఞులందరూ వాటిని అలాగే రెండు వైపులకు పంపిస్తారు. ఆ మాట పిల్లలకు చెప్పేటప్పుడు నా గొంతు కొంచెం పెరుగుతుందని నాకు తెలుసు. మా ఖలాసీలు, ఫిట్టర్లు ఆ పని ఎప్పుడో చేసిపెట్టారు మరి. గర్వం కాకపోతే ఇంకేమిటి? తర్వాతి ప్రశ్న దగ్గరే మావాళ్లు పట్టాలు తప్పారు. ఆ పట్టాలు తప్పడం మీద మా నాన్నకూ నాకూ ఒక పందెం నడిచింది. ఆ పందెంలో ఒడ్డింది నా చదువునే.

సంగతి ఇది. గుంటల అంచుల్లో, నీళ్లు మోకాలి లోతు కూడా లేనిచోట, ఒక చిన్న మొక్క ఉంటుంది. ఆకు అచ్చం కలువాకే. గుండ్రంగా, ఒకపక్క చీలికతో, నీటి మీద పరుచుకుని ఉంటుంది. కాకపోతే పిల్లల అరచేతంత. దాని పువ్వు మరీ చిన్నది, తెల్లగా, మధ్యలో పసుపు చుక్కతో, రేకుల నిండా దూదిలాంటి నూగుతో ఉంటుంది. పొద్దున పూస్తుంది, మధ్యాహ్నానికి వాడిపోతుంది. బెంగాలీవాళ్లు దాన్ని చాంద్‌మాలా అంటారు. మావాళ్లు పెట్టిన పేరు అప్రెంటిస్ కలువ.

పెద్ద ఫిట్టర్ల పక్కన చిన్న స్పానర్ పట్టుకుని నిలబడే అప్రెంటిస్ కుర్రాళ్లను రోజూ చూసేవాళ్లకు వేరే పేరు ఎలా తడుతుంది? పెద్ద కలువల పక్కనే ఉంటుంది, వాటి పోలికే, పని మాత్రం సగం పూటే. ఇంకొన్నాళ్లు నీళ్లలో నానితే ముదిరి పెద్ద కలువ అవుతుందని మా క్వార్టర్ల లైనంతా నమ్మేది. మధ్యాహ్నానికి ఎందుకు ముడుచుకుంటుందని చిన్నప్పుడు నాన్నను అడిగాను. "మద్దినేల ట్రైనింగ్ స్కూలుకి పోవద్దేటి మరి?" అన్నాడు. ఆయన నవ్వులాటకు అనలేదు. ఆయనే అప్రెంటిస్‌గా చేరి ఫిట్టరైన మనిషి. ఆ మొక్కను చూసినప్పుడల్లా ఆయనకు తన సొంత కథ కనిపించేది.

బీయస్సీలో మాకు మొక్కల వర్గీకరణ చెప్పిన మేడమ్ ఒకరోజు కాలేజీ చెరువు గట్టున మమ్మల్ని కూర్చోబెట్టి కీ పట్టడం నేర్పారు. కీ అంటే వరుసగా ప్రశ్నలు. ఒక్కో ప్రశ్నకు రెండే జవాబులు. ఏ జవాబు వస్తే ఆ వైపు వెళ్లాలి, అక్కడ ఇంకో ప్రశ్న ఉంటుంది. చివరికి ఒక పేరు దగ్గర ఆగుతాం. తోటి పిల్లలు తికమకపడ్డారు గానీ నాకు వెంటనే ఎక్కేసింది. యార్డులో పాయింట్లు మార్చినట్టే కదా! ఇటు వేస్తే ఈ లైను, అటు వేస్తే ఆ లైను. ఒక్క పాయింటు తప్పు వేస్తే బండి వేరే ఊరు పోతుంది.

ఆ రోజే చాంద్‌మాలా సంగతి తెలిసింది. మేడమ్ కలువను ఒక చేతిలో, దాన్ని ఒక చేతిలో పట్టుకుని చూపించారు. కలువ రేకులు లెక్కలేనన్ని. బయటివి వెడల్పుగా మొదలై లోపలికి పోయేకొద్దీ సన్నబడి, ఎక్కడ రేకు ఆగిందో ఎక్కడ కేసరం మొదలైందో చెప్పలేకుండా కలిసిపోతాయి. చాంద్‌మాలాకు ఉన్నవి అయిదారు రేకులు, అవీ అడుగున అతుక్కుని ఉంటాయి, కేసరాలు వాటి మీద వేరుగా లెక్కపెట్టుకోవచ్చు. పూల మొక్కల వంశంలో అన్నిటికంటే ముందుగా విడిపోయిన కొమ్మల్లో కలువలది ఒకటి. చాంద్‌మాలాది పొద్దుతిరుగుడు ఉన్న కొమ్మ. ఒకే నీళ్లలో ఒకేలా బతకడం వల్ల ఆకులు ఒకేలా తయారయ్యాయి, అంతే. తామరనూ ఒకప్పుడు కలువల ఇంట్లోనే ఉంచారట. ఇప్పుడు దాన్ని కూడా బయటికి పంపి, ఎక్కడో చెట్ల చుట్టాల దగ్గర కూర్చోబెట్టారు. నేను నోరెళ్లబెట్టి విన్నాను. చదివితే ఇదే చదవాలని ఆ గట్టు మీదే అనుకున్నాను.

ఫైనల్ ఇయర్ పరీక్షలయ్యాక ఇంట్లో అసలు గొడవ మొదలైంది. గోల్‌బజార్‌లో రైల్వే పరీక్షలకు కోచింగ్ ఇచ్చే సెంటర్ కాగితం ఒకటి పట్టుకొచ్చి నాన్న టీవీ పక్కన పెట్టాడు.

"వొచ్చే నెల నుంచి క్లాసులంట. మన లైన్లో ఆడపిల్లలు కూడా సేరతన్నారు. నువ్వూ సేరిపో."

"నాను ఎమ్మెస్సీ సదువుతాను నాన్నా."

"సదివి?"

"మొక్కల మీద పని సేస్తాను."

"మొక్కల మీద సెయ్యడానికేటుంటాదమ్మా? నీల్లు పోస్తే పెరుగుతాయి, పొయ్యకపోతే సస్తాయి. రైల్వే అయితే నాలుగు తరాల నుంచి మనకి అన్నం పెడతన్నాది."

ఆయన కోపంగా అనలేదు, నిజంగా అర్థం కాక అడిగాడు. అందుకే నాకు ఇంకా ఉక్రోషం వచ్చింది. మొక్కల గురించి తెలుసుకోవాల్సింది ఉందని చూపించాలని చేతికి దొరికిన మొదటి మాట విసిరాను.

"నీ అప్రెంటిస్ కలువ అసలు కలువే కాదు నాన్నా. అది పొద్దుతిరుగుడు పువ్వుకి దగ్గర సుట్టం."

టీ తాగుతున్న నాన్నకు పొలమారింది. నవ్వీ దగ్గీ కళ్లల్లో నీళ్లు తుడుచుకుని అమ్మను పిలిచాడు. "ఏటే, ఇన్నావా? అప్రెంటిస్ కలువ పొద్దుతిరుగుడంట! మన పిల్ల సదువు ఎంతదాకా వొచ్చినాదో సూడు!"

అమ్మ వంటింట్లోంచి తొంగి చూసి, "పొద్దు తిరక్కుండానే మీ ఇద్దరికీ బుర్ర తిరుగుతున్నాది," అని లోపలికి వెళ్లిపోయింది.

నేను వదల్లేదు. అది ఎప్పటికీ పెద్ద కలువ కాదన్నాను. అవుతుందన్నాడు. కాదన్నాను. నాన్న వాదనలు ఎక్కువసేపు చేసే మనిషి కాదు. ఏదైనా ట్రయల్ వేసి తేల్చుకోవాలంటాడు. కప్పు కింద పెట్టి చేయి చాచాడు.

"సరే. ఒక మొక్క తెచ్చి తొట్టిలో ఏద్దాం. మంచి మట్టి, మంచి ఎండ. దుర్గా పూజల్లోపు అది పెద్ద కలువయితే నువ్వు నోరెత్తకుండా పరీక్షకి కూకోవాల."

"అవకపోతే?"

"ఎమ్మెస్సీ. నాను మల్లీ రైల్వే మాటెత్తితే అడుగు."

చేతిలో చెయ్యేశాను. నాన్న మాట ఇస్తే వెనక్కి తీసుకోడు, లైనంతటికీ తెలుసు. నాకు ధైర్యంగానే ఉంది. సైన్సు నా పక్కన ఉంది కదా అనుకున్నాను.

ఆదివారం ఇద్దరం సైకిళ్ల మీద పూరీ గేట్ వైపు గుంటకు వెళ్లాం. నేను చాంద్‌మాలా మొక్కను వేళ్లతో సహా తీశాను. నాన్న ప్యాంటు మడిచి దిగి, అడుగు మట్టి బకెట్ నిండా ఎత్తాడు. ఇంటి దగ్గర మట్టి చాలు కదా అంటే ఒప్పుకోలేదు.

"మట్టి మారితే ట్రయల్ సెల్లదు. రేపు ఓడిపోయి, నా మొక్కకి మట్టి పడలేదని నానే అంటాను. నాకా సాకు ఉండకూడదు."

క్వార్టర్ వెనక కొళాయి పక్కన పాత డ్రమ్ము అడుగు సగం ఉండేది. అమ్మ అందులో దుప్పట్లు నానబెట్టుకునేది. ఆమె గొణుగుతుండగానే అది మాకు తొట్టి అయిపోయింది. నాన్న దగ్గర గోల్‌బజార్ పాత సామాన్ల దుకాణంలో కొన్న ఇంగ్లీషు అక్షరాల పంచ్‌ల సెట్టు ఉండేది. అల్యూమినియం రేకు ముక్క మీద ఒక్కో అక్షరం సుత్తితో కొట్టి, అప్రెంటిస్ అని ట్యాగు తయారుచేసి, తీగతో డ్రమ్ముకు కట్టాడు. వర్క్‌షాపులో విప్పిన ప్రతి భాగానికీ ముందు ట్యాగు కట్టాలి, తర్వాతే పక్కన పెట్టాలి. ట్యాగు లేనిది ఆయన దృష్టిలో తుక్కు.

రోజూ పొద్దున సైరన్‌కు ముందు ఆయన తొట్టి దగ్గరికి వెళ్లి చూసేవాడు. వెనకే నేను వెళ్లి చూసేదాన్ని. సాయంత్రాలు మాత్రం మా ఇద్దరికీ పందెం గుర్తుండేది కాదు. డ్యూటీ నుంచి వస్తూ నాన్న గుంటలోంచి రెండు మూడు కలువలు, వాటి ఆకులు కాడలతో సహా తెంపి సైకిల్ హ్యాండిల్‌కు చుట్టి తెచ్చేవాడు. "ఈ రోజు పాయింటు సెప్పు," అనేవాడు. వరండాలో పేపరు పరిచి చూపించేదాన్ని. ముందు ఆకు తిప్పి అడుగున వేలితో తడమమనేదాన్ని. నైట్ డ్యూటీ కలువలకు ఆకు అడుగున మెత్తటి నూగు ఉంటుంది, తువ్వాలు తడిమినట్టు. అంచు పొడవునా పళ్లుంటాయి. జనరల్ షిఫ్టు నీలి కలువకు అడుగు నున్నగా ఉంటుంది, అంచుకు అంత పదునైన పళ్లు ఉండవు. తర్వాత పువ్వును నిలువుగా చీల్చి కేసరాలు చూపించేదాన్ని. నీలిదాంట్లో కేసరం కొన పుప్పొడి తిత్తిని దాటి చిన్న తోకలా ముందుకు వస్తుంది. రాత్రివాటికి ఆ తోక ఉండదు.

"అంటే పువ్వు ముడుసుకున్నా పర్లేదు. లోపల తోక సూసి ఏ షిఫ్టో సెప్పీవొచ్చన్నమాట," అన్నాడు నాన్న. ఆ మాటను పరీక్షలో రాసుంటే మేడమ్ ఫుల్ మార్కులు వేసేవారు.

ఎర్రవీ తెల్లవీ వేర్వేరు జాతులా, ఒకే జాతిలో రంగులా అన్నదాని మీద శాస్త్రజ్ఞులే ఇంకా ఒక మాట మీద లేరని చెబితే ఆయనకు చెప్పలేనంత సంతోషం. "మీవోల్లు కూడా మా ఇంజినీర్లలాగే కొట్టుకుంటారన్నమాట." కలువను ఎండబెట్టి అట్టకు అంటించి దాచేటప్పుడు రంగు పోతుందని, అందుకే కోసిన చోటే రంగూ వేళా రాసి పెట్టుకోవాలని చెప్పాను. దానికి మాత్రం నవ్వలేదు. ట్యాగు ముందు కట్టాలి, తర్వాతే పక్కన పెట్టాలి అని నాకే తిరిగి చెప్పాడు. పాఠం అయ్యాక మిగిలిన కాడలు అమ్మవి. పక్క క్వార్టర్ బెంగాలీ పిన్ని, మేం కాకీమా అని పిలిచే ఆవిడ, నేర్పిన కూరే. కాడల పైన నార తీసి, ముక్కలు చేసి, చిన్న ఎండు రొయ్యలతో వండేది. కాకీమా చిటికెడు చక్కెర వేస్తే, అమ్మ మాత్రం చింతపండు పులుసు పోసేది. మా వర్గీకరణ అంతా ఆ సట్టిలోకి పోయేది.

శ్రావణం దాటింది. చాంద్‌మాలా తొట్టి నిండా పాకి, రోజూ ఒకటో రెండో చిన్న పూలు పూస్తోంది. ప్రమోషన్ జాడ లేదు. నా రిజల్టు వచ్చింది, మంచి మార్కులే. ఎమ్మెస్సీ అడ్మిషన్ పూజల ముందే. నేను నిశ్చింతగా ఉన్నాను.

ఒక ముసురు వారం వెలిసిన పొద్దున తొట్టి మధ్యలో ఒక ఆకు కనిపించింది. చిన్నదే, కొంచెం ఎర్రగా. రెండు రోజుల్లో పళ్లెమంత అయింది. అంచు చూశాను. పళ్లున్నాయి. తిప్పి అడుగున వేలు పెట్టాను. నూగు తగిలింది. అది కలువాకు. ఆకుల మధ్య ఒక మొగ్గ కూడా పైకి వస్తోంది.

నాన్న నా వైపు చూసి మీసం దువ్వుకున్నాడు.

విశ్వకర్మ పూజకు ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆ మొగ్గ విచ్చుకుంది. తెల్లటి కలువ, అరచేతికి మించి ఉంది. నైట్ డ్యూటీ. అప్రెంటిస్ అని ట్యాగున్న తొట్టిలో!

"ప్రమోషన్ వొచ్చీసినాది!" అని నాన్న అరిచిన అరుపుకు లైనంతా వచ్చింది. కాకీమా "ఓ మా! శాప్లా!" అని వాళ్ల భాషలో కలువ పేరు పలుకుతూ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. విశ్వకర్ముడే పూయించాడని ఒక ముసలాయన దణ్ణం పెట్టాడు. నాన్న సైకిలెక్కి వెళ్లి వేడి జిలేబీల పొట్లం తెచ్చి అందరికీ పంచాడు. నా చేతిలోనూ ఒకటి పెట్టాడు. అది తినకుండా చేతిలోనే ఉంచుకున్నాను. ఇది జరగడానికి వీల్లేదని నాకు తెలుసు. జరిగిందని నా కళ్లు చెబుతున్నాయి. అంతమంది మధ్య ఏడవకూడదని పళ్ల బిగువున నిలబడ్డాను.

అందరూ వెళ్లాక అడిగాను. "తొట్టి విప్పి సూద్దాం నాన్నా."

"కల్లెదురుగా పూసినాది కదమ్మా. ఇంకా ఇప్పడానికేటుంది?" అన్నాడు. నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఏడవకు. రైల్వే అంటే సెడ్డదేటి?"

మర్నాడు విశ్వకర్మ పూజ. ఏడాదికి ఆ ఒక్క రోజు వర్క్‌షాపు గేట్లు ఇంటివాళ్లకు కూడా తెరుస్తారు. పనిముట్లన్నీ కడిగి, బొట్లు పెట్టి, పూలు వేసి ఉంచుతారు. ఆ రోజు ఎవరూ వాటిని పట్టరు. నాన్న మమ్మల్ని తీసుకెళ్లాడు. అడుగడుక్కీ ఆయనకు అభినందనలే. "ఏటి గురూ, నీ అప్రెంటిస్‌కి ఆర్డర్ వొచ్చినాదంట కదా!" అని ఒకరు, "దాదా, మిష్టీ కోథాయ్?" అని మిఠాయి అడుగుతూ ఇంకొకరు. నాన్న నవ్వుతూ నడుస్తున్నాడు. నేను తల దించుకుని వెనకే.

ఆయన షాపులో లైను మీద ఒక వ్యాగన్ నిలబడి ఉంది. కొత్త రంగు వేసి తళతళలాడుతోంది. అది తన గ్యాంగుదేనని అమ్మకు చూపించాడు. పక్కన సుద్దతో ఏవో గుర్తులు.

"బాగున్నాది కదా. ఫిట్ అని రాసీనారా?" అని అడిగింది అమ్మ.

"ఇంకా నేదు. కింద బేరింగులు సూడాల."

"ఇంత బాగా కనిపిత్తంటే ఇంకా సూసేదేటి?"

"పైన ఎలాగున్నా ఇప్పి సూడకుండా ఫిట్ రాయకూడదే. నా సర్వీసులో ఎప్పుడూ..."

ఆయన మాట అక్కడ ఆగిపోయింది. నా వైపు చూశాడు. నేనూ చూశాను. అమ్మ మాత్రం కొంగు సర్దుకుంటూ ముందుకు నడిచింది. ఆమె కావాలనే అడిగిందని నేను ఇప్పటికీ అంటాను. కాదని ఆమె ఇప్పటికీ అంటుంది.

పూజ మర్నాడు ఆదివారం. నేను లేచేసరికి నాన్న పెరట్లో గోనెసంచులు పరిచి, డ్రమ్ములో నీళ్లు గొట్టంతో తోడేస్తున్నాడు. నన్ను చూడగానే, "రా. నువ్వే సూడాల ఇది," అన్నాడు.

నేను ఆత్రంగా ఒక కాడ పట్టుకోబోతే చెయ్యి ఆపాడు. "లాగకు. లాగితే ఏది ఏ దానిదో తెలీదు. వొదులు సేసుకుంటా రావాల."

చెంబుతో నీళ్లు పోస్తూ, వేళ్లతో బురద కరిగిస్తూ ఇద్దరం పైనుంచి కిందికి దిగాం. ముందు చిన్న పూలవైపు వెళ్లాం. చాంద్‌మాలా పువ్వు మట్టిలోంచి రాదు. సన్నటి పొడుగు కాడ నీటి పైకి వచ్చి, అక్కడ ఆకు మొదట్లోనే పూలగుత్తి పుట్టిస్తుంది. ఆ కాడలన్నీ పట్టుకుని వెళితే తొట్టి అంచు దగ్గర ఒక వేళ్ల కుచ్చు వచ్చింది. నాన్న దాన్ని ఒక గోనె మీద పెట్టాడు. తర్వాత తెల్ల కలువ. దాని ఆకు కాడ వేరు, పువ్వు కాడ వేరు. రెండూ ఎక్కడా కలవకుండా తిన్నగా బురదలోకి దిగాయి. అడుగున, డ్రమ్ము మధ్యలో, నిమ్మకాయంత నల్లటి దుంప ఉంది. రెండు కాడలూ దాని నెత్తి మీంచే వచ్చాయి.

నాన్న చూపుడు వేలు బురదలో పెట్టి దుంపకూ వేళ్ల కుచ్చు ఉన్న చోటుకూ మధ్య గీసుకుంటూ పోయాడు. ఒకసారి కాదు, అటునుంచి ఇటు, ఇటునుంచి అటు. ఎక్కడా ఒక్క వేరు తగల్లేదు. ఆయన వేలు తీసి, నీళ్లలో కడుక్కుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"రెండూ వేరే బల్లు," అన్నాడు. "ఒక్క యార్డులో నిలబడినాయి, అంతే."

దుంప చేతిలోకి తీసుకుని అడిగాడు. "మరి ఈ దుంప ఎలాగొచ్చినాది?"

"నువ్వు తెచ్చిన మట్టిలో నాన్నా. నిద్రలో ఉండుంటాది. వానకి లేచినాది."

ఆయన బకెట్ వైపు చూశాడు. మట్టి మారితే ట్రయల్ చెల్లదన్న మాట గుర్తొచ్చినట్టుంది. అప్పుడు వచ్చిన నవ్వు చూడాలి! అమ్మ పరుగెత్తుకొచ్చింది ఏమైందోనని. "నా మట్టే నన్ను ముంచీసినాదే!" అని గోనె మీద కూలబడి నవ్వాడు. నాకు నవ్వుతో పాటు ఏడుపూ వచ్చింది. గెలిచినందుకు కాదు. ఆయన ఆ తొట్టి విప్పకుండా ఉండిపోయినా అడిగేవాళ్లు లేరు. పువ్వు పూసింది, లైనంతా సాక్షి, మాట ప్రకారం నేను పరీక్షకు కూర్చునేదాన్ని. నేనడిగినప్పుడు కాదన్న మనిషి, తన నియమం గుర్తొచ్చాక తనే విప్పాడు. అలాంటి మనిషి కూతుర్నని ఆ బురదలో కూర్చుని నాకు ఎంత గర్వమేసిందో.

మధ్యాహ్నం పంచ్‌ల సెట్టు బయటికి వచ్చింది. అప్రెంటిస్ అని ఉన్న రేకును విప్పి, తిప్పి, వెనక వైపు బల్ల మీద పెట్టాడు. "దాని అసలు పేరు సెప్పు. ఒక్కో అచ్చరం సెప్పు, తొందర పడకు." నింఫాయిడిస్ అని నేను అక్షరం అక్షరం చెబుతుంటే, ఆయన ఒక్కో పంచ్ నిలబెట్టి ఒక్కో దెబ్బ వేశాడు. కలువకు ఇంకో రేకు కొట్టాడు, నింఫియా అని. రెండో తొట్టికి అమ్మ సిమెంట్ కుండీ ఇచ్చింది. ఆయన రిటైరై మేం పూరీ గేట్ దగ్గర సొంత ఇంటికి మారినప్పుడు ముందుగా బండెక్కినవి ఆ రెండు తొట్లే. నా స్టూడెంట్లు వచ్చినప్పుడు నాన్న మొదటి రేకును రెండు వైపులా తిప్పి చూపిస్తాడు. అప్రెంటిస్ వైపు చూపించకుండా ఏ రోజూ వదల్లేదు.

అడ్మిషన్ రోజు పొద్దున నన్ను లోకల్ ఎక్కించడానికి నాన్న బయల్దేరాడు. స్టేషన్‌కు తిన్నగా వెళ్లకుండా సైకిల్ వర్క్‌షాపు గేటు వైపు తిప్పాడు. దారిలో జిలేబీ దుకాణం దగ్గర ఆగి పెద్ద పొట్లం కట్టించాడు. గేటు ముందు టీకొట్టు దగ్గర డ్యూటీకి వెళ్లేవాళ్లు గుంపుగా నిలబడి ఉన్నారు. మొన్న మా పెరట్లో జిలేబీలు తిన్నవాళ్లు, పూజ రోజు అభినందించినవాళ్లు, చాలామంది వాళ్లే. నాన్న సైకిల్ స్టాండు వేసి పొట్లం విప్పాడు.

"ఇదిగో, అందరూ ఇనండి. మొన్న తిన్న జిలేబీ కేన్సిల్. అది తప్పు రిపోర్టు. ఇప్పి సూసినాను. అప్రెంటిస్ కలువ కలువ కాదు. నాను ఓడిపోనాను, నా కూతురు నెగ్గినాది. ఇయ్యి తినండి."

ఓడిపోయానని అంత గట్టిగా, అంత సంతోషంగా చెప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. వాళ్లు నవ్వారు, వీపు చరిచారు. ఒక పెద్దాయన జిలేబీ తీసుకుంటూ నా వైపు చూసి అడిగాడు.

"అయితే పాప మన రైల్వేలో సేరదేటి?"

"సేరదు," అన్నాడు నాన్న. "దానిది కలువల డిపార్ట్‌మెంట్."

అంతలో సైరన్ మోగింది. అందరూ గేటు వైపు కదిలారు. సర్వీసంతా సైరన్‌కు ముందే లోపలుండే మా నాన్న, ఆ రోజు మాత్రం చివరి జిలేబీ నా చేతిలో పెట్టి, నేను తినేదాకా అక్కడే నిలబడ్డాడు.